వణికే చేతికి ట్రిమ్మర్

జూన్ మొదటి వారంలో మా బావ లమార్‌కి కొండపొట్టేలు వేటకి పర్మిట్ తగిలింది. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఏటా దరఖాస్తు పెడుతూనే ఉన్నాడు. మా ఐడహోలో అది ఉత్త లాటరీ. ఎన్నేళ్ళ నుంచి అడుగుతున్నావో ఎవరికీ పట్టదు. ఒకసారి తగిలి పొట్టేలుని కొట్టావంటే జన్మలో మళ్ళీ అడగడానికి లేదు. నేను పంతొమ్మిదేళ్ళు పెట్టి విసిగి మానేశాను. లమార్ మానలేదు. డెబ్బై ఒకటో ఏట తగిలింది.

ఆ ఆదివారం భోజనానికి వచ్చి, ఆ కాగితం తీసి మా ఆవిడ రోవెనా పళ్ళెం పక్కన పెట్టాడు. రోవెనా ఆయనకి చెల్లెలు. చదివి కళ్ళు తుడుచుకుంది. నేను కాగితం వైపు చూడలేదు, లమార్ కుడిచెయ్యి చూశాను. చేతిలో ఫోర్కు పళ్ళేనికి తగిలి టకటకమంటోంది. రెండేళ్ళ నుంచీ ఉన్న వణుకే. బోయిసీ డాక్టరు దానికేదో పేరు చెప్పాడట, ఆ పేరు లమార్ ఎవర్నీ పలకనివ్వడు.

"ఈసారికి తూటాలు కొట్లో కొనుక్కో బావా," అన్నాను.

"నువ్వు కొట్లో తూటాలు కొని ఎన్నాళ్ళయింది, ర్యూలన్?"

"నలభై ఏళ్ళు దాటింది."

"మరి నాకెందుకు ఈ సలహా?"

రోవెనా బంగాళాదుంపల గిన్నె మా మధ్యకి తోసింది. "తినండి ముందు. ఇద్దరికీ ముక్కు మీదే కోపం," అంది.

మా ఊరు చాలిస్‌లో వేటకెళ్ళేవాడు తన తూటా తనే చేసుకుంటాడు. పేలిన ఇత్తడి గుల్లని పారెయ్యం. శుభ్రం చేసి, అచ్చులో నొక్కి, మళ్ళీ తుపాకి మందు పోసి, కొత్త బుల్లెట్ బిగిస్తాం. ఇంకొకడు చేసిన తూటాని మాత్రం ముట్టుకోం. అన్నదమ్ములైనా సరే, అంతే. లోపల ఎంత మందుందో, గుల్ల ఎంత పొడవుందో చేసినవాడికే తెలుసు. వాడు పొరపాటు పడ్డాడంటే రైఫిల్ పగిలేది మన మొహం మీద. అందుకే లమార్‌కి నేను చేసిపెడతానని అనలేను, చేసిపెట్టమని ఆయనా అడగలేడు. చేసుకుంటే తనే చేసుకోవాలి, లేకపోతే ముప్ఫై ఒక్క ఏళ్ళ పర్మిట్‌తో కొట్లో కొన్న తూటాలు పట్టుకుని కొండెక్కాలి. ఆ రెండోదానికి ఆయన చచ్చినా ఒప్పుకోడు.

మందు తూచడం, బుల్లెట్ బిగించడం వణికే చేత్తో కూడా ఎలాగో నెట్టుకొస్తున్నాడు. చిక్కంతా గుల్లల్ని కోసే దగ్గరే వచ్చింది. పేలినప్పుడల్లా గుల్ల కాస్త సాగుతుంది, మెడ పొడవవుతుంది. మరీ పొడవైతే రైఫిల్ లోపలి అంచుకి ఒరుసుకుని బుల్లెట్‌ని పట్టేస్తుంది, పేలేటప్పుడు లోపలి ఒత్తిడి ఎంతకి పోతుందో చెప్పలేం. అందుకని మూతి దగ్గర సమానంగా కోసెయ్యాలి. ఆ కోసేదాన్నే ట్రిమ్మర్ అంటాం. లమార్‌ది వాళ్ళ నాన్న కొన్న ఇనప ట్రిమ్మర్, చేత్తో తిప్పేది. ఆ వారం నేను వెళ్ళేసరికి బల్ల మీద పాతిక గుల్లలు ఉన్నాయి. అన్నీ మూతి ఏటవాలుగా కోసుకుపోయాయి. లమార్ వాటి మీద గుడ్డ కప్పాడు గానీ నేను అప్పటికే చూసేశాను.

మరుసటి గురువారం ఇద్దరం నా బండిలో ఐడహో ఫాల్స్ వెళ్ళాం. అక్కడ తుపాకుల కొట్టు నడిపే మార్వాకి నలభై ఏళ్ళుంటాయి. మా ఇద్దర్నీ చూసి, "ఏంటి పెద్దమనుషులూ, కొనడానికొచ్చారా, కొట్లాడుకోడానికొచ్చారా?" అంది.

"రెండూ," అన్నాడు లమార్.

ఆమె మూడు ట్రిమ్మర్లు బల్ల మీద పెట్టింది. మొదటిది చేత్తో తిప్పేదే, కొత్త రకం. రెండోది డ్రిల్లుకి తగిలించుకునేది. మూడోది మోటారుది. గుల్లని దాని గొట్టంలోకి నొక్కితే చాలు, మూతి కోసి, లోపలా బయటా అంచు కూడా నున్నగా చేసేస్తుంది. దాని ధర విని నేను ఒక అడుగు వెనక్కేశాను.

"చేత్తో తిప్పేదే తీసుకో," అన్నాను. "అందులో చెడిపోవడానికి ఏముంటుంది? మోటారు కాలిందంటే వేట సీజన్లో ఎవర్ని పట్టుకుంటావ్?"

"నువ్వు సెల్‌ఫోన్ కొన్నప్పుడు కూడా ఇదే ఏడుపు ఏడ్చావ్," అంటూ లమార్ మొదటిదాని పిడి పట్టుకున్నాడు. మార్వా ఒక గుల్ల బిగించి ఇచ్చింది. నాలుగు చుట్లు తిప్పాడో లేదో బల్ల మీద ట్రిమ్మరంతా కదిలిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను. డ్రిల్లుది రెండు చేతులకీ పని చెప్పేది, దాన్ని ఆయన ముట్టుకోనే లేదు. మూడోదాంట్లో గుల్ల పెట్టి నొక్కాడు. చెయ్యి వణుకుతూనే ఉంది, కానీ గొట్టం గుల్లని కదలనివ్వలేదు. తీసి చూస్తే మూతి అద్దంలా ఉంది. లమార్ దాన్ని బొటనవేలితో చుట్టూ తడిమి తడిమి చూశాడు.

"ఇది కట్టు," అన్నాడు చివరికి.

మార్వా పెట్టెలో పెడుతూ నాతో చెప్పింది. "మీ పాతది గుల్లని అడుగు నుంచి కొలుస్తుంది. ఇది భుజం దగ్గర ఆపి కోస్తుంది. అందుకని ఒకే రైఫిల్‌లో పేలిన గుల్లలే పెట్టండి. వేరేవి కలపాలంటే అన్నిటినీ ఒకే అచ్చులో పూర్తిగా నొక్కి అప్పుడు కలపండి. ఊరికే కలిపేశారంటే పొడవులన్నీ తేడా వచ్చేస్తాయి."

భుజం అంటే గుల్ల మెడ దగ్గర సన్నబడే చోటు. అది ఒక్కో రైఫిల్‌లో ఒక్కో ఎత్తున కూర్చుంటుంది.

"అమ్మాయ్, నువ్వు పుట్టకముందు నుంచీ నేను గుల్లలు కోస్తున్నాను," అన్నాను.

"అందుకే మీకు చెప్తున్నా," అంది.

జూలైలో లమార్ డాక్టరు కోసం రెండు రోజులు బోయిసీ వెళ్ళాడు. కుక్కకి తిండి పెట్టమని షెడ్డు తాళం నాకిచ్చాడు. కుక్క తిన్నాక నా కళ్ళు బల్ల మీదకి పోయాయి. మెడ నొక్కిన గుల్లలు ఎనభై, కోయడానికి సిద్ధంగా ఉన్నాయి. ఆ చేత్తో ఎప్పటికి చేస్తాడులే, నేను చేసేస్తే ఓ పని అయిపోతుందనుకున్నాను. వందైతే నిండుగా ఉంటుందని నా ఇరవై కూడా తెచ్చి కలిపాను. అదే రకం, అదే కంపెనీ. నేనూ లమార్‌లాగే మెడ మాత్రమే నొక్కుతాను, భుజం ముట్టను, నలభై ఏళ్ళుగా అదే అలవాటు. పాత ట్రిమ్మర్‌తో ఎప్పుడూ తేడా రాలేదు. మోటారు వేసి అరగంటలో వందా కోసేసి, వరసగా పేర్చి, ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాను.

శనివారం పొద్దున్నే లమార్ ఫోన్ చేశాడు. "ఒకసారి రా," అని పెట్టేశాడు.

వెళ్ళేసరికి గుల్లలు రెండు కుప్పలుగా ఉన్నాయి. ఎనభై ఒకవైపు, ఇరవై ఇంకోవైపు. లమార్ మోచెయ్యి బల్లకి ఆనించి, కాలిపర్‌తో ఒక్కోటీ కొలుస్తున్నాడు.

"ఈ ఇరవై పొడుగ్గా ఉన్నాయి," అన్నాడు. "నువ్వు ముట్టుకున్నావా?"

"అన్నీ నేనే కోశాను. సరిగ్గానే ఉన్నాయి. చెయ్యి వణుకుతుంటే కాలిపర్ ఏం చూపిస్తుంది బావా?"

అనేశాక గానీ తెలియలేదు నోరు జారానని. లమార్ కాలిపర్ కింద పెట్టాడు. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది.

"నీదానితో చూడు," అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు మెషిన్ షాపులో పనిచేసినవాణ్ణి, కాలిపర్ నా చొక్కా జేబులోనే ఉంటుంది. తీసి ఒకటి కొలిచాను. రెండోది కొలిచాను. ఐదోది కొలిచేసరికి చెవులు వేడెక్కాయి. ఆ ఇరవైలో ప్రతీదీ ఉండాల్సిన హద్దు కంటే అంగుళంలో వెయ్యో వంతులు ఐదారు పొడవుంది. ఇరవయ్యీ నావే. నా రైఫిల్‌లో భుజం ఇంకాస్త పైన కూర్చుంటుంది, ట్రిమ్మర్ ఆ భుజాన్ని పట్టుకుని కోసింది. మార్వా చెప్పింది అక్షరాలా ఇదే.

"నా చెయ్యి వణుకుతుంది, నిజమే," అన్నాడు లమార్. "అందుకే ఒక్కోటీ రెండుసార్లు కొలుస్తా. నీ చెయ్యి వణకదు, అందుకే నువ్వు ఒక్కసారి కూడా కొలవలేదు." నా ఇరవై సంచీలో పోసి నా చేతికిచ్చాడు. "తాళం అక్కడ పెట్టి వెళ్ళు. పని అయ్యేదాకా షెడ్డులోకి రాకు."

నెల రోజులు వెళ్ళలేదు. రోవెనా అడిగితే నడుము నొప్పి అని చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

ఆగస్టు చివర్లో లమార్ పొద్దున్నే బండి తెచ్చి మా గుమ్మం ముందు హారన్ కొట్టాడు. రైఫిల్ సరిచూసుకోవాలి, దెబ్బలు ఎక్కడ పడ్డాయో పక్కన నిలబడి చూసేవాడు కావాలన్నాడు. క్లబ్బు మైదానంలో ఇసక సంచీ మీద రైఫిల్ ఆనించి, వంద గజాల అవతలున్న కాగితం మీదకి ఐదు తూటాలు కాల్చాడు. నేను వెళ్ళి కాగితం తెచ్చాను. ఐదు రంధ్రాలూ నా అరచెయ్యంత మేర చెదిరి ఉన్నాయి. అంత చెదిరితే మూడొందల గజాల్లో పొట్టేలుకి తగలనే తగలదు, తగిలినా గాయపడి పారిపోతుంది.

లమార్ దాన్ని చూసి బల్ల మీద పెట్టాడు. "తూటాల్లో తేడా ఉందా, చెయ్యేనా? నాకు తెలీట్లేదు," అన్నాడు.

తెలుసుకోవడానికి ఒకటే దారి ఉంది, ఆ తూటాల్ని వణకని చెయ్యి కాల్చి చూడాలి. అది ఆయన నోటివెంట రాదు. తూటాల పెట్టె నా వైపు జరిపి, "నీకిష్టం లేకపోతే వద్దు," అన్నాడు.

భయమేసింది. దాచడమెందుకు? నలభై ఏళ్ళలో ఇంకొకరి తూటా నా చెంప పక్కన పేలనివ్వలేదు. ఆ మందు తూచింది, ఆ బుల్లెట్ బిగించింది ఫోర్కు పట్టుకోలేని చెయ్యి. కానీ తప్పు కోసింది ఆ చెయ్యి కాదు, నాది. బల్ల ముందు కూర్చున్నాను.

"కొలుస్తావా ముందు?" అన్నాడు లమార్.

"అక్కర్లేదు," అన్నాను.

ఐదూ కాల్చాను. ప్రతిసారీ రైఫిల్ బోల్ట్ మెల్లగా తెరిచి, గుల్ల పగల్లేదని చూశాకే ఇంకోటి పెట్టాను. కాగితం తెచ్చి చూస్తే ఐదూ ఒకదాన్నొకటి తగులుతూ పడ్డాయి, పైన ఒక పావు డాలరు బిళ్ళ పెడితే కనపడవు. నా సొంత తూటాలు ఎప్పుడూ ఇంత దగ్గరగా పడలేదు.

"తూటాల్లో తప్పు లేదు," అన్నాను సంతోషంగా. అన్నాక లమార్ మొహం చూశాను, నా సంతోషం కాస్తా పోయింది.

"అయితే చెయ్యే," అన్నాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మూడొందల గజాల చెయ్యి పోయింది. ఎనభై గజాలదింకా ఉంది. దగ్గరికి పోతాను."

"ఆ మోకాళ్ళతోనా?"

"మోకాళ్ళు వణకట్లేదుగా."

సెప్టెంబరులో నేను కూడా వెళ్ళాను, వంటకీ మోతకీ. మూడో రోజు ఎదురు వాలులో పెద్ద పొట్టేలు కనిపించింది, కొమ్ములు పూర్తిగా చుట్టు తిరిగి ఉన్నాయి. దూరం మూడొందల పాతిక. నేనైతే కొట్టేవాణ్ణి, కానీ పర్మిట్ నాది కాదు. లమార్ రైఫిల్ మీది గురి అద్దంలోంచి చూసి, రైఫిల్ దించేశాడు. నేను నోరు మూసుకున్నాను. జన్మలో నేను నోరు మూసుకున్న కొద్ది సందర్భాల్లో అదొకటి.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒక చిన్న పొట్టేలు రాళ్ళ మధ్య పడుకుని ఉంది. రెండు గంటలు పాకి డెబ్బై గజాల్లోకి వెళ్ళాం. లమార్ సంచీ మీద రైఫిల్ ఆనించి, అది లేచి నిలబడేదాకా ఆగాడు. ఒక్కటే దెబ్బ. పొట్టేలు రెండడుగులు వేసి పడిపోయింది.

లమార్ రాయికి ఆనుకుని కూర్చున్నాడు. బోల్ట్ తెరిస్తే గుల్ల పచ్చిక మీద పడింది. తీసుకున్నాడు. చెయ్యి ఎన్నడూ లేనంత వణుకుతోంది, గుల్ల అందులో ఎగురుతోంది. దాన్ని నా వైపు చాపాడు.

"ఇదిగో, కొలుచుకో," అన్నాడు నవ్వుతూ.

"కాలిపర్ తేలేదు బావా," అన్నాను. అది నా చొక్కా జేబులోనే ఉంది.