మూత పెట్టు, చల్లారిపోతుంది

ముందే ఒప్పేసుకుంటాను. ఇరవై రెండేళ్ళుగా మా తెలుగు సంఘం నాటకంలో హీరోని నేనే. ఆ ఇరవై రెండేళ్ళలో ఒక్క డైలాగు కూడా బట్టీ పట్టలేదు. నవ్వితే నవ్వండి. రోజుకి పది గంటలు సిటీ బస్సు నడిపేవాడు డైలాగులు ఎప్పుడు చదవాలి, స్టీరింగు మీద పుస్తకం పెట్టుకునా? అయినా చదవాల్సిన ఖర్మ నాకేం పట్టింది, తెర వెనక మా వదిన ఉండగా?

వదినంటే మా అన్నయ్య భార్య. అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. వదిన పెద్ద లాండ్రీలో ఇస్త్రీ పని చేస్తుంది. మా సంఘంలో ఆవిణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్ళే లేరు. పెద్దవాళ్ళకి తెర వదిన, పిల్లలకి తెరత్త. నాటకం రోజున పక్కతెర చాటున నిలబడి మా అందరికీ డైలాగులు అందించేది ఆవిడే. పొద్దుట్నుంచీ ఇస్త్రీ బల్ల ముందు నిలబడి వచ్చి, మళ్ళీ రెండు గంటలు అక్కడా నిలబడేది. "కూర్చో వదినా, కాళ్ళు పీకడం లేదూ?" అంటే, "కూర్చుంటే గొంతు మీదాకా రాదయ్యా" అనేది.

మాటలు అందించడమొక్కటే అనుకుంటున్నారేమో. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగేది. ఎక్కడ నిట్టూర్చాలో అక్కడ నిట్టూర్చేది. ఏడవాల్సిన చోట ముందు ముక్కు ఎగబీల్చేది, అది విని నేనూ ఎగబీల్చేవాణ్ణి, జనం కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఎప్పుడైనా ఒక ముక్క జారిపోతే తెరకేసి తల తిప్పి, "వినపడలేదు వదినా, గట్టిగా!" అని పళ్ళ బిగువున అనేవాణ్ణి. పాపం, మళ్ళీ గట్టిగా చెప్పేది. ఎంత గట్టిగానంటే, మొదటి నాలుగు వరసలవాళ్ళు నాటకాన్ని రెండేసి సార్లు వినేవాళ్ళు. ముందు వదిన గొంతులో, తర్వాత మా గొంతుల్లో. చివర్లో పూలదండ మాత్రం నా మెళ్ళో పడేది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా "ఇది వదినకి వెయ్యండి" అన్నానా? అనలేదు. సిగ్గులేని మనిషిని.

మా సంఘం హాలు ఇనప సామాన్ల కొట్టు మీద, మేడ మెట్లెక్కితే వస్తుంది. మడత కుర్చీలు ఎనభై, పుస్తకాల బీరువా ఒకటి, ఓ హార్మోనియం, రెండు క్యారమ్ బోర్డులు. ఆదివారం పొద్దున పిల్లలకి పలకలిచ్చి తెలుగు నేర్పుతాం, శనివారం మధ్యాహ్నం ముసలివాళ్ళు చేరి కబుర్లాడుకుంటారు. ఊళ్ళో తెలుగిళ్ళు నలభై దాటవు. ఆ హాలే లేకపోతే మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం మర్చిపోతాం, ఇది మాత్రం నిజం.

నాటకం రాసింది మా మొదటి ప్రెసిడెంటు, గడియారాలు బాగుచేసే పెద్దాయన. ఇప్పుడు లేరు. కథ మరీ పెద్దదేం కాదు. అన్నదమ్ములిద్దరు దెబ్బలాడుకుని ఇంటి పెరడు మధ్యలో గోడ కట్టుకుంటారు. చివరికి గోడలో ఒక ఇటుక ఊడదీసి మళ్ళీ కలుస్తారు. అన్నని నేను, తమ్ముడు మా టైలరు. ఏటా అదే నాటకం. కొత్తది వేద్దామని ఒకసారి ఎవరో అంటే జనం అరిచి కూర్చోబెట్టారు.

అసలు గొడవంతా నాటకం చివర్లో ఉంది. పుస్తకం ప్రకారమైతే నేను గోడ దగ్గర నిలబడి అన్నదమ్ముల ప్రేమ మీద ఒక పేజీడు ఉపన్యాసం ఇవ్వాలి. ఏడో ఏడో, ఎనిమిదో ఏడో, సరిగ్గా అదే సమయానికి తెర వెనక మా ఆవిడ టీ గిన్నె తెచ్చి పెట్టింది. వదిన ఆవిడతో, "మూత పెట్టు, చల్లారిపోతుంది" అంది. నాకేం తెలుసు? నా చెవిలో పడిందే నా డైలాగు. రెండు చేతులూ పైకెత్తి, గొంతు వణికించి, "మూత పెట్టు... చల్లారిపోతుంది!" అన్నాను.

టైలరు నోరు తెరిచాడు. హాల్లో నవ్వులు, ఆ నవ్వుల మధ్యలో ఒకావిడ ఏడుపు. గోడకి అటువైపు తమ్ముడి ఇంట్లోంచి కూర గిన్నె వచ్చిందనుకుందిట ఆవిడ. "ఎన్నేళ్ళకి అన్న నోటి నుంచి ఇంటి మాట వచ్చిందమ్మా" అందిట. నేను ఆ రోజంతా వదిన మీద మండిపడ్డాను, నా పరువు తీశావన్నాను. కానీ మరుసటి ఏడు జనం ఆ మాట కోసమే కాచుకుని కూర్చున్నారు. చేసేది లేక, ఊడదీసిన ఇటుక సందులోంచి టైలరు ఒక గిన్నె అందించడం, నేను ఆ మాట అనడం నాటకంలో కలిపేశాం. ఉపన్యాసం పోయింది, ఇదే మిగిలింది. ఇలాంటివి మా నాటకంలో ఇంకా చాలా చేరాయి. నాలిక మడతపడ్డవీ, టైలరు మర్చిపోయి సొంతంగా కల్పించినవీ, ఏది బాగుంటే అది వదిన గుర్తుపెట్టుకుని మరుసటేడు అదే అందించేది. పుస్తకం ఆవిడ చేతిలో ఊరికే ఉండేది. ఈ సంగతి అప్పుడు నా బుర్రకి ఎక్కలేదు, అదీ నా తెలివి.

కిందటేడు వదినకి గొంతులో గడ్డ వచ్చింది. ఆపరేషన్ చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇక రాదని డాక్టరు చెప్పిన రోజు నేను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. వదిన మాత్రం మా పిల్లల క్లాసు పలక ఒకటి తీసుకుని, సుద్దముక్కతో రాసి చూపించింది: "లే. బస్సు టైమైంది."

అదే ఏడు మునిసిపాలిటీ నుంచి ఉత్తరం. మా హాలు వాళ్ళదే. ఇంకో క్లబ్బువాళ్ళు టేబుల్ టెన్నిస్ ఆడుకోవడానికి అడుగుతున్నారట. ఏటా ఒక బహిరంగ ప్రదర్శన మొదట్నుంచి చివరిదాకా జరిపే సంఘానికే హాలు ఉంచుతామనీ, ఈసారి ఒక ఆఫీసరమ్మ స్వయంగా వచ్చి చూస్తుందనీ, మధ్యలో ఆగిపోతే లెక్కలోకి రాదనీ రాశారు. అది చదివాక నాకు ముద్ద దిగలేదు. సెక్రటరీని నేనే మరి. నా హయాంలో హాలు పోతే ఊళ్ళో తలెత్తుకుని తిరగగలనా?

"మరేం ఫర్వాలేదు, మా డెంటిస్టు అమ్మాయి గొంతు గంటలా ఉంటుంది, పుస్తకం చూసి ఆ అమ్మాయి అందిస్తుంది" అన్నాను కమిటీలో. వదిన పలక ఎత్తింది. "పుస్తకంలో ఉన్నది మీరు ఆడే నాటకం కాదు."

నాకు ఒళ్ళు మండింది. "ఇరవై రెండేళ్ళుగా ఆడుతున్నవాణ్ణి నేను వదినా! నాకు తెలీదా ఏది నాటకమో?"

వదిన చెరిపి మళ్ళీ రాసింది. "నీకేం తెలుసు? నువ్వెప్పుడు చదివావు?" అందరూ నవ్వారు. నేను విసురుగా లేచిపోయాను. రిహార్సల్స్ కూడా సరిగ్గా సాగలేదు. నాకు కుదిరిన రోజున టైలరుకి కుదరదు, టైలరుకి కుదిరిన రోజున నా డ్యూటీ. ఒక్కసారైనా ఇద్దరం కలిసి చేసుంటే బండారం అప్పుడే బయటపడేది.

నాటకం రోజు ఆదివారం మధ్యాహ్నం. హాలు నిండిపోయింది. వదిన నీలం చీర కట్టుకుని, ముడత ఒక్కటి లేకుండా, మొదటి వరసలో కూర్చుంది. ఇన్నేళ్ళలో ఆవిడ నాటకాన్ని ముందు కూర్చుని చూడడం అదే మొదటిసారి. ఆ పక్కన మా ఆవిడ, ఆ పక్కన ఒళ్ళో ఫైలు పెట్టుకుని ఆఫీసరమ్మ.

మొదటి రంగం బాగానే గడిచింది. రెండో రంగం. గోడ ముందు నేను, టైలరు. డెంటిస్టమ్మాయి తెర చాటునుంచి చక్కగా చదివింది: "తమ్ముడూ, ఈ గోడ లేచిన నాడే నాన్నగారి ప్రాణం సగం పోయింది!" నేను అదే అన్నాను, పైగా మంచి ఊపుతో అన్నాను.

టైలరు నన్ను ఎగాదిగా చూశాడు. వాడికి ఏళ్ళ తరబడి అక్కడ వినపడే మాట వేరు. ఆ అలవాటు మీద తన జవాబు తను చెప్పేశాడు: "తలుపు నీకెందుకన్నయ్యా? నీకు దారి గుర్తుందా?"

ప్రాణం సగం పోతే తలుపేమిటి? డెంటిస్టమ్మాయి కంగారుగా పేజీలు తిప్పుతోంది, ఆ చప్పుడు నాకు వినపడుతోంది. తలుపు మాట పుస్తకంలో ఉంటేగా! టైలరు నాకేసి, నేను తెరకేసి. ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను, నా మటుకు నాకు బస్సులో నాలుగు స్టాపులంత అనిపించింది. ఆఫీసరమ్మ వాచీ చూసుకుని ఫైలు తెరిచింది. అయిపోయింది, నా మూర్ఖత్వానికి హాలు పోయింది అనుకున్నాను.

వదినకేసి చూశాను. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. కుర్చీ అంచున కూర్చుని, మెడ నరాలు ఉబ్బేలా నాకు మాట అందిస్తోంది. ఒక్క అక్షరం బయటికి రావడం లేదు. నా కళ్ళల్లో లైట్లు, పైగా నీళ్ళు. ఏం చదవను ఆ పెదాల్ని?

అప్పుడు మూడో వరసలోంచి ఒక గుసగుస. మందుల షాపు మామ్మ. "ఒరేయ్, గోడ కట్టావు సరే, తలుపు పెట్టడం మర్చిపోయావేంరా?"

నా ప్రాణం లేచొచ్చింది. అదే అన్నాను. టైలరు మొహం వెలిగింది, తలుపు జవాబు మళ్ళీ చెప్పాడు, ఈసారి సరిగ్గా అతికింది. తర్వాతి మాట మొదటి వరస ముందు కింద కూర్చున్న పిల్లలు నలుగురు ఒకేసారి అందించారు. ఆ తర్వాతది ఇంకెవరో. ఏళ్ళ తరబడి ఆ నాలుగు వరసల్లో కూర్చున్నవాళ్ళే అందరూ, వదిన గొంతు వింటూ. ఒక్క మాట పొల్లుపోలేదు. ఎక్కడ ఆగాలో హాలంతా అక్కడ ఆగింది. ఏడుపు రంగం వచ్చింది. నేను ఏడవబోయే ముందు ఎనభై ముక్కులు ఒక్కసారి ఎగబీల్చాయి. డెంటిస్టమ్మాయి పుస్తకం మూసేసి, బయటికొచ్చి పిల్లల పక్కన చతికిలపడింది.

ఆఫీసరమ్మ వింతగా అటూ ఇటూ చూసి, "మీ నాటకాల్లో ప్రేక్షకులు కూడా మాట్లాడతారా?" అని మా ఆవిణ్ణి అడిగిందట. మా ఆవిడ కనురెప్ప వెయ్యకుండా, "మొదట్నుంచీ మా పద్ధతే అదండీ" అందట. ఆఫీసరమ్మ ఫైలు మూసి, ముందుకి వంగి కూర్చుంది.

చివరి రంగానికి వచ్చాం. ఇటుక ఊడదీశాను. టైలరు సందులోంచి గిన్నె అందించాడు. గిన్నె పట్టుకుని నిలబడ్డాను. తెలిసిన మాటే, కానీ ఎవరో ఒకరు అందించందే నా నోరు తెరుచుకోదు. ఇంతసేపూ ఎడాపెడా అందించినవాళ్ళకి ఇప్పుడేం రోగం, ఒక్కడూ నోరు మెదపడేం అని లోపల విసుక్కున్నాను. అప్పుడు గమనించాను. ఒక్కరూ నన్ను చూడడం లేదు. అందరి తలలూ మొదటి వరసకేసే తిరిగి ఉన్నాయి. ఆ మాట వదినది. వేరే ఎవరూ అందించరు.

వదిన మెల్లగా లేచి నిలబడింది. పెదాలు కదిపింది.

చప్పుడు లేదు. అయినా నాకు వినపడింది. ఇరవై రెండేళ్ళు ఆవిడ నోట్లోంచి మాటలు తీసుకుని నా గొప్పగా చెప్పుకున్నవాణ్ణి, ఆ గొంతు నాకు తెలియకుండా ఎలా ఉంటుంది? చేతులెత్తలేదు, గొంతు వణికించలేదు. గిన్నె చూసుకుంటూ, టీ గిన్నె దగ్గర ఆవిడ మా ఆవిడతో ఎంత మామూలుగా అందో అంత మామూలుగా అన్నాను. "మూత పెట్టు, చల్లారిపోతుంది."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. వదిన కూర్చుంది. ఒళ్ళో పలక తీసుకుంది, గబగబా ఏదో రాసి రెండు చేతులతో పైకెత్తి నాకు చూపించింది.

"వినపడలేదు. గట్టిగా!"

నవ్వాగలేదు నాకు, ఏడుపూ ఆగలేదు. స్టేజీ మీద మొట్టమొదటిసారి నిజంగా ఏడ్చాను. ఛాతీ నిండా గాలి పీల్చుకుని మళ్ళీ అన్నాను, నాతో పాటు హాలంతా అంది. కింద ఇనప సామాన్ల కొట్టువాడు ఏమైందోనని మెట్లెక్కి వచ్చాడు. భాష ముక్క రాని ఆఫీసరమ్మ కూడా పెదాలు కదుపుతోంది.

హాలు మాకే ఉంచుతూ కాగితం వారం తిరక్కుండానే వచ్చింది. అది బీరువాలో ఉంది. వదిన మాత్రం ఈ ఏడు కూడా ముందు వరసలోనే కూర్చుంటానంది. ఆవిడ ఇన్నేళ్ళు నిలబడ్డ చోట, పక్కతెర పక్కన మేకుకి ఆ పలక తగిలించాం. దాని మీద రాసింది ఇంతవరకూ ఎవరూ చెరపలేదు. వదినకి కొత్త పలక కొనిచ్చాను.