పొత్తు ట్రాక్టరులో ఆయిలు

మా ఆయన రామకోటేశ్వరరావు, మా అన్నయ్య వెంకటకృష్ణారావు కలిసి ట్రాక్టరు కొన్నప్పుడు అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే. బండి వారం మా ఇంట్లో, వారం అన్నయ్య ఇంట్లో. ఆ వంకతో పుట్టింటికి రాకపోకలు సాగుతాయని నా ఆశ. ఈ పొత్తు చెడితే మళ్లీ ఆ గుమ్మం తొక్కగలనా?

చెరుకు తోలడం మొదలయ్యాక మా ఆయనకు అనుమానం పట్టుకుంది. బండి ఇంటికొచ్చిన ప్రతిసారీ ఇంజన్లో ఆయిలు చూసే పుల్ల బయటికి తీసి, వేళ్ల మధ్య నలిపి, మొహం మాడ్చుకునేవాడు. బంకలా ఉందట. ఎవరో వాడి పారేసిన ఆయిలు వడగట్టి పోస్తున్నాడు మీ అన్న, అన్నాడు. నాకు ఒళ్లు మండింది. అయినా ఆ తర్వాత అన్నయ్యతో ఫోన్లో ముక్తసరిగానే మాట్లాడాను.

అటు అన్నయ్యదీ అదే పాట. ఆయిలు నీళ్లలా ఉందనీ, బావ వన్‌టౌన్‌లో ఏదో కొట్లోంచి కల్తీ సరుకు చౌకగా తెస్తున్నాడనీ నా చెవిలో వేశాడు. ఎవరిని నమ్మాలో తెలియక ఇద్దరినీ అనుమానించాను.

ఒకరోజు లోడుతో ఉయ్యూరు ఫ్యాక్టరీకి వెళ్తుంటే దారిలో ఇంజను పట్టేసింది. కబురు తెలిసి అందరం అక్కడికి చేరాం. మెకానిక్ జాన్‌బాబు ఆయిలు దింపాడు. అంతా నురగ, అడుగున మడ్డి. ఎవరేం పోశారో దాచకుండా చెప్పమన్నాడు. పల్చగా ఉందని కొంత తీసేసి గేర్ ఆయిలు పోశానని అన్నయ్య నసిగాడు. చిక్కబడిందని కొంత దింపేసి బైకు ఆయిలు కలిపానని మా ఆయన తల దించుకున్నాడు. రెండూ అప్పుడే సీలు విప్పిన కొత్త డబ్బాల్లోవే.

"చిక్కందీ పల్చందీ కలిపితే మధ్యరకం అయిపోద్దనుకున్నారా అండీ? వేడెక్కేసరికి పల్చదనం వైపే లాగుద్ది. వాటిల్లో కలిపే మందులు కూడా ఒకదానికొకటి పడవు. ఇద్దరూ మంచి ఆయిలే పోసి బండిని చంపారు," అన్నాడు జాన్‌బాబు.

ఇద్దరిలో దొంగ ఎవరూ లేరని నా ప్రాణం కుదుటపడింది. ఇద్దరూ నవ్వేస్తారనుకున్నాను.

"ఒక్క మాట నన్నడగొచ్చుగా బావా," అన్నాడు అన్నయ్య.

"నువ్వడిగావా?" అన్నాడు మా ఆయన.

బండి బాగయింది. ఇప్పుడు ఆయిలు కొనడానికి ఇద్దరూ కలిసే వెళ్తారు. ఒకరు పోస్తుంటే ఇంకొకరు పక్కనే నిలబడతారు. బావాబావమరుదులంటే ఇలా ఉండాలని ఊళ్లో వాళ్లు మెచ్చుకుంటుంటే నాకు ఏడుపొస్తుంది. వాళ్లు ఒకరి మీద ఒకరు కాపలా కాస్తున్నారు.

మొన్న ఊరికే చూసిపోదామని పుట్టింటికి వెళ్లాను. అన్నయ్య కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, నా మొహంలోకి చూస్తూ అడిగాడు.

"బావ ఏమన్నా కనుక్కుని రమ్మన్నాడా అమ్మా?"