ఏబెల్ పేరు కింద గీతలు

మునిశేఖర్‌కు ఫుట్‌బాల్ గురించి తెలిసింది ఒకటే, బంతి గుండ్రంగా ఉంటుందని. అయినా కంపెనీ టీముకు మేనేజరు అతనే. హెచ్.ఆర్.లో కుర్చీ ఉంది కాబట్టి టీమూ అతనిదే, క్యాంటీన్ సాంబారూ అతనిదే, ఎవరి కాంట్రాక్టు తిరగరాయాలో ఎవరిది చాలించాలో అదీ అతని చేతిలోదే. ఆదివారం తిరుపతిలో కాలేజీ గ్రౌండులో టీము నాలుగు గోల్సు తిని తిరిగొస్తే, సోమవారం పొద్దున్నే లైను దగ్గరికొచ్చి పదిమంది ముందర చెప్పిపోయాడు.

"వెంకటమునీ, ఫ్యాన్ బ్లేడ్లకు తప్పులు రాస్తావే, అట్ల మన డిఫెన్స్‌కు రాసియ్యి. వీడియో పంపిస్తా. ఒక్కో బంతికీ ఎవుడు తప్పు చేసినాడో నాకు లెక్క కావాల."

ఇంటికి పోయినాక చేసే పనికి ఓటీ వస్తుందా అని అడిగితే, "స్పోర్ట్స్ స్పిరిట్ అప్పా" అని నవ్వాడు.

ఆ నవ్వును నములుకుంటూనే మంగళవారం పొద్దున వెంకటముని ఫ్యాన్ రెక్కలు తిప్పుతున్నాడు. రంగు పొయ్యిలోంచి కొక్కేలకు వేలాడుతూ వచ్చే రెక్కలు ఇంకా వెచ్చగానే ఉంటాయి. ఒక్కోదాన్ని రెండు వేళ్లతో ఎత్తి, ట్యూబ్‌లైటు కింద వాలుగా పట్టుకుని చూడాలి. బుడగ, కారిన రంగు, గీరు, దుమ్ము. తప్పు కనబడితే షీటులో ఒక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. మంచి రెక్కకు ఏ గీతా లేదు, అది అలాగే ముందుకు పోతుంది. నలభై ఆరేళ్లకే మెడ కుడివైపుకు వంగిపోయింది. ఎడమ కన్ను సగం మూసి చూసే అలవాటుతో ఆ వైపు చెంప ముడతలు పడింది. షీటు పట్టుకున్న బొటనవేలి గోరు నల్లగా, ఎప్పటికీ తెల్లబడని రంగులో ఉంటుంది.

తొమ్మిదో తరగతిలో బడి మానేసి మండీలో మామిడికాయల పెట్టెలు మోశాడు. ఇరవయ్యో ఏట చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబెట్టారు. బెల్టు మీద తోతాపురి కాయలు పరుగెత్తుతుంటే కుళ్లినదాన్ని పట్టి పారేయడం పని. అక్కణ్ణుంచి శ్రీ సిటీలో ఈ ఫ్యాన్ల కంపెనీ. కాయ పోయి రెక్క వచ్చింది, అంతే. ఇరవై ఆరేళ్లలో ఏ యజమానీ అతన్ని బాగున్నది ఏదని అడిగిన పాపాన పోలేదు. భార్య కోమలి అయితే, "నీ కంటికి అన్నంలో రాయి కనబడతాది గానీ అన్నం కనబడదు" అంటుంది.

సోమవారం సాయంత్రం సత్యవేడులో గది గడప మీద కూర్చుని డెబ్బై నిమిషాల ఆటనూ ఫోనులో ఆపి, వెనక్కి జరిపి చూశాడు. ఖాళీ షీటులో బ్లేడు నంబరు ఉండేచోట డిఫెన్స్ వాళ్ల పేర్లు రాసుకున్నాడు.

'9వ నిమిషం. కుడి నుంచి బంతి. ఏబెల్ కాలు పెట్టాడు, అందలేదు. గీత.'

'17. ఏబెల్‌ను దాటించి కొట్టారు. గోలు. గీత.'

'22. ఏబెల్ తలతో తోశాడు, అవతలివాడికే పోయింది. గీత.'

చివరికి లెక్కేస్తే డిఫెన్స్ మధ్యలో ఆడే స్టాపర్ ఏబెల్ పేరు కింద ముప్పై ఒకటి. కుడిపక్క కాచే రైట్ బ్యాక్ లోకేష్ పేరు కింద రెండు.

చేయి ఒక్క నిమిషం ఆగింది. ఏబెల్ ప్యాకింగ్‌లో కాంట్రాక్టు మనిషి. చిత్తూరు మిషన్ కాంపౌండులో చిన్నప్పట్నుంచీ బంతి తన్ని పెరిగినవాడని, ఆటకోసమే తీసుకున్నారు. టీములో ఉన్నంతవరకే కాంట్రాక్టు, ఐదేళ్లు నిండితే పర్మనెంటు లిస్టు. ఆ ఐదేళ్లూ ఇప్పుడిప్పుడే దగ్గరికొస్తున్నాయి. కంపెనీ బస్సులో ఇద్దరిదీ ఒకే సీటు. ఇవన్నీ తెలుసు. తమ్ముడు తమ్ముడే, పేకాట పేకాటే అనుకుని వెంకటముని కింద సంతకం పెట్టాడు. పొద్దున గేటు దగ్గరే మునిశేఖర్ షీటుకు ఫొటో తీసుకున్నాడు. కార్బన్ కాపీ వెంకటముని జేబులో ఉంది.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో ఏబెల్ కంచం పట్టుకొచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ముప్పై తొమ్మిదేళ్లు, వెడల్పాటి భుజాలు, నుదుటి మీద ఆదివారం పడిన దెబ్బ ఇంకా వాచి ఉంది.

"నా పేరు కింద ఎన్ని గీతలబ్బా?"

"ఉండాయిలే."

"ఉంటాయి. సావిట్లో ఒక్కడే ఉంటే దోమలన్నీ వాణ్ణే కుడతాయి." సాంబారు కలుపుతూ నవ్వాడు. "రెండో గోలు సూసినావు కదా? నేను యాడుండాను?"

"కుడిపక్క."

"నా జాగా కుడిపక్కా?"

వెంకటముని ముద్ద నోటిదాకా పోయి ఆగింది. "లోకేష్‌ది కదా ఆ జాగా."

"మరి లోకేష్ యాడ?"

"కనబడలేదే."

"యాడ కనబడతాడు? నడుం మీద చేతులు పెట్టుకోని సెంటర్ లైన్ కాడ నిలబడుకోనుండాడు, పెళ్లికొడుకు మాదిరి. నేను పోకపోతే ఆడ ఎవురు పోతారు? పోతే లేటయితాది. లేటయితే తప్పయితాది." అంతకుమించి ఏమీ అనకుండా ఏబెల్ మజ్జిగ తెచ్చుకోవడానికి లేచాడు.

వెంకటముని సగం అన్నం వదిలేశాడు. లాకరులోంచి ఫోను తీసుకుని సైకిల్ షెడ్డు వెనక్కి పోయాడు. కాపీలోని నిమిషాలను ఒక్కొక్కటే తెరిచి చూశాడు. ఈసారి బంతిని చూడలేదు. బంతి రాకముందు ఎవరు ఎక్కడ ఉన్నారో చూశాడు. తొమ్మిదో నిమిషంలో ఏబెల్ పరుగెత్తింది లోకేష్ జాగాలోకి. పదిహేడులోనూ అంతే. ఇరవై రెండులో ఎడమవైపువాడు కింద కూర్చుని బూటు తాడు కట్టుకుంటున్నాడు. భోజనం టైము అయిపోయిందని గంట కొట్టారు. లైనులో రెక్కలు పేరుకుంటున్నాయని సూపర్‌వైజరు మనిషిని పంపాడు. కడుపునొప్పని చెప్పి పంపేసి, మళ్లీ ఫోనుకు మొహం ఆనించాడు. ముప్పై ఒకటిలో ఇరవై, మరొకడి జాగాలో జరిగినవి. అంతకంటే ఎక్కువగా అతని కళ్లు మండించింది గీతకూ గీతకూ మధ్య ఉన్న ఆట. అవతలి ఫార్వర్డ్ బంతితో దూసుకొస్తాడు, ఎదురుగా ఏబెల్‌ను చూస్తాడు, వెనక్కి తిరిగి బంతి ఇచ్చేస్తాడు. అట్లాంటివి వెతకకుండానే ఎనిమిది కనబడ్డాయి. వాటికి షీటులో గడే లేదు.

కొత్త షీటు తీసుకుని, స్కేలు లేక ఐడీ కార్డు అంచు పెట్టి రెండు గడులు గీశాడు. ఒకదాని మీద 'ఎవరి జాగా' అని, రెండోదాని మీద 'ఆపినవి' అని రాశాడు. ఇరవై ఆరేళ్లలో బాగున్నదానికి గీత పెట్టడం అదే మొదలు. గీతలు వంకరగా పడ్డాయి. లైనుకు తిరిగిపోతే సూపర్‌వైజరు పొద్దున్నుంచీ మిగిల్చుకున్న తిట్లన్నీ కుమ్మరించాడు. పడ్డాడు.

మూడింటికి టీ సమయంలో వెంకటముని ఆ షీటుతో మునిశేఖర్ గది అద్దం తలుపు ముందు నిలబడ్డాడు. మేనేజరు లోపల ఫోను మాట్లాడుతూ ఆగమని చెయ్యి చూపించాడు. టీ సమయం అయిపోయింది. నాలుగున్నరకు మళ్లీ పోయాడు. ఈసారి రమ్మన్నాడు, కూర్చోమనలేదు.

"ఈ గడులు ఫార్మాట్‌లో లేవే?"

"నేనే గీసినా సార్. ఎవురి జాగాలో తప్పయిందో..."

"పొద్దున ఇచ్చిన షీటులో సంతకం నీదే కదా? అది తప్పుడు లెక్కా?"

"తప్పుడు లెక్క కాదు సార్. సగం లెక్క."

"ఏందప్పా, ఎప్పుడైనా ఒక బ్లేడు సగం పాసు, సగం ఫెయిలు అని రాసినావా?"

రాయలేదు. ఎప్పుడూ రాయలేదు.

"పొద్దున్నే పైకి పంపించేసినా. కాంట్రాక్టులో ఒకర్ని తగ్గించమన్నారు, ఎవుర్నిరా దేవుడా అని తల పట్టుకోనుంటే నీ షీటు అమృతం మాదిరి వచ్చింది. వీడియో ఎవుడు చూస్తాడు? నంబరు చూస్తారు." రెండో షీటును వేలి చివరతో వెనక్కి తోశాడు. "మంచి పని చేసినావు. పో."

ఆ పొగడ్త వీపుకు అతుక్కుని లైనుదాకా వచ్చింది.

అయిదున్నరకు గేటు దగ్గర సెక్యూరిటీ బల్ల ముందు ఏబెల్ నిలబడి ఉన్నాడు. మెడలోని పాసు తీసి, తాడు చుట్టి, బల్ల మీద పెట్టాడు. రిజిస్టరులో సంతకం చేశాడు. వెంకటముని అతని దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"నీ షీటు సూపించినాడబ్బా," అన్నాడు ఏబెల్. "ముప్పై ఒకటి. నేను ముప్పై మూడు అనుకున్నా. రెండు నాకోసరం దాచినావా?"

"దాచలేదు."

"తెలుసులే. నువ్వు దాచే రకం కాదు." ఎగతాళి లేదు ఆ మాటలో, అదే భరించలేనిదిగా ఉంది.

"ఇంకొకటి రాసినా ఏబెలూ. నీ జాగా, వాళ్ల జాగా అంతా పెట్టి. ఆ నా కొడుకు తీసుకోలేదు. ఇదిగో, ఉండాది..."

ఏబెల్ ఆ కాగితం అందుకోలేదు. "నాకెందుకబ్బా? ఆడినోడికి తెలీదా." సెక్యూరిటీ గడియారం వైపు చూశాడు. "పాసు లేకుండా బస్సు ఎక్కకూడదంట. రోడ్డు కాడికి నడిచిపోయి ఆటో పట్టుకుంటా. నువ్వు ఎక్కు, సీటు పోతాది."

గేటు దాటి ఎడమకు తిరిగాడు. బస్సు కదిలి అతన్ని దాటేటప్పుడు వెంకటముని చెయ్యెత్తాడు. ఏబెల్ లారీలకు దారిస్తూ అంచున నడుస్తున్నాడు, చూడలేదు.

లెక్క తప్పని మెదడు తన పని తాను చేసుకుపోయింది. ఏబెల్ చేరింది ఆగస్టు ఒకటి. ఈరోజు జులై తొమ్మిది. ఐదేళ్లకు ఇరవై మూడు రోజులు తక్కువ. పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. పొద్దున వచ్చేటప్పుడు ఏబెల్ ఇంట్లో ఉతికి తెచ్చి ఆరేసిన నీలం మోకాలిపట్టీ కిటికీ కమ్మీకి అట్లాగే వేలాడుతోంది, ఎప్పుడో ఆరిపోయి, మోకాలి వంపు ఇంకా పోకుండా.