డ్రైవరు తెచ్చిన పాత ప్రాసెసర్

బస్సు డ్రైవరుకి ఒక జబ్బుంది. ఇంట్లో ఎవరినీ అడక్కుండా వస్తువులు కొనుక్కొస్తాడు. కొన్నాక అందరినీ కూర్చోబెట్టి, అదెంత మంచి వస్తువో చెవులు చిల్లులు పడేలా చెప్తాడు. ఆ శనివారం డ్యూటీ దిగి వచ్చేసరికి చేతిలో అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్ద డబ్బా ఉంది. అందులో ఎవరో వాడి తీసేసిన కంప్యూటర్ ప్రాసెసర్.

పాపం, ఈసారి కారణముంది. ఆయన భార్య ఒకప్పుడు ఇళ్ల ప్లాన్లు గీసేది. పిల్లలు పుట్టాక మానేసింది. మానేసింది అనేకంటే మానాల్సి వచ్చింది అనడమే న్యాయం. ఆయన తెల్లారకముందే డ్యూటీకి పోయేవాడు, ఆవిడకి చెయ్యందించే దిక్కులేదు. ఇన్నేళ్లకి ఒక ఇంజనీరు ఆఫీసువాళ్లు, సోమవారం పొద్దున్నకల్లా మెట్లతో సహా ఒక ఇల్లు కంప్యూటర్‌లో గీసి పంపమన్నారు. నచ్చితే ఇంటి దగ్గర్నుంచే చేసుకునేలా పనిస్తామన్నారు. ఇల్లంతా గీసింది. మెట్లని స్క్రీన్ మీద అటూ ఇటూ తిప్పి చూడబోతే మాత్రం కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ముందురోజు ఆవిడ స్క్రీన్ ముందు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చోవడం ఆయన చూశాడు. చూసి ఊరుకోలేకపోయాడు.

భోజనానికొచ్చిన బామ్మర్ది డబ్బా చూసి నవ్వాడు. అతను కంప్యూటర్ల షాపులో పనిచేస్తాడు.

"బావా, దీనిదీ మీ పెద్దాడిదీ ఒకే వయసు. ఈ రోజుల్లో ఇలాంటివెవరు కొంటారు?"

"కొత్తది కొంటే బోర్డు మార్చమంటావు, మెమరీ మార్చమంటావు, చివరికి నన్నూ మార్చమంటావు. డిపోలో బస్సు మొరాయిస్తే బస్సు పారేస్తామా? దానికి సరిపోయే గట్టి ఇంజను ఎక్కిస్తాం. ఈ బోర్డుకి పట్టేవాటిలో ఇదే గట్టిదట. కనుక్కునే తెచ్చా."

"నువ్వన్నదీ తప్పు లేదులే," అని బామ్మర్ది ఒప్పుకున్నాడు. "సాయంత్రం వచ్చి నేనే పెడతా. అందాకా నువ్వు ముట్టుకోకు."

ముట్టుకోకంటే ఊరుకునే మనిషైతే ఈ కథే లేదు. బామ్మర్ది వీధి మలుపు తిరిగాడో లేదో, ఈయన కంప్యూటర్ మూత విప్పి పాతది తీసి కొత్తగా తెచ్చింది పెట్టాడు. ఏ మూల ఎటు రావాలో తెలియడానికి దానిమీద చిన్న త్రికోణం గుర్తుంటుంది. దాన్నెవరు చూశారు? అది సరిగ్గా కూర్చోకపోయేసరికి, బస్సు డోరుకి అలవాటైన చెయ్యి కదా, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కాడు. ఏదో చిటుక్కుమంది. పైకి తీసి చూస్తే అడుగున వెంట్రుకల్లాంటి పిన్నులు ఒక మూలంతా పడుకుని ఉన్నాయి. ఆయన ప్రాణం ఉసూరుమంది.

వంటగదిలోకి వెళ్లి, దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు. "నీకొచ్చిన పని నా చేతులారా చెడగొట్టాను."

ఆవిడ చేతులు తుడుచుకుని, దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చూసింది.

"విరగలేదు, వంగాయంతే. సన్న పుల్లలు వేసి నొక్కుకునే పెన్సిల్ ఉంటే బాగుండేది. నాది ఎప్పుడో పారేశాను."

డ్రైవరు మేకుకి వేలాడుతున్న యూనిఫాం జేబులోంచి ఒక పెన్సిల్ తీసిచ్చాడు. రోజూ తిరిగిన ట్రిప్పుల లెక్క ట్రిప్ షీట్‌లో రాసేది దాంతోనే. ఆవిడ దాని వెనక పంటిగాట్లు చూసి ఒక్క క్షణం ఆగింది. తర్వాత పుల్ల తీసేసి, చివరనున్న సన్నటి ఇనప గొట్టాన్ని ఒక్కో పిన్నుకీ తొడిగి, మెల్లగా లేపి నిలబెట్టసాగింది. ఆయన టార్చి పట్టుకున్నాడు. ఆవిడ చెయ్యి ఎటు కదిలితే వెలుగు అటు తిప్పాడు.

త్రికోణం చూసుకుని ఈసారి ఆవిడే పెట్టింది. నొక్కకుండానే కూర్చుంది. మూత బిగించి స్విచ్ వేస్తే స్క్రీన్ వెలిగింది. మెట్లు తిప్పితే మెట్లు తిరిగాయి, ఎక్కడా ఆగకుండా.

"తిడతావనుకున్నా," అన్నాడు డ్రైవరు. కళ్లు తడిగా ఉన్నాయి.

"నాకోసం కదా తెచ్చారు. తిట్టడానికి నోరెలా వస్తుంది?"

సాయంత్రం బామ్మర్ది వచ్చి, చూసి, ముక్కున వేలేసుకున్నాడు. "పాతది కాబట్టి బతికిపోయావు బావా. మా షాపులో కొత్తవాటికి ఈ పిన్నులు బోర్డులో ఉంటాయి. అక్కడ వంగితే బోర్డే పోయేది."

ఆ మాట విన్నప్పట్నించీ డ్రైవరు, ఆ ప్రాసెసర్‌ని తనకంటే ముందు వాడి జాగ్రత్తగా తీసిపెట్టిన ముక్కూ మొహం తెలియని మనిషికి మనసులోనే దండాలు పెడుతూ వచ్చాడు.

ఆదివారమంతా కూర్చుని ఆవిడ ప్లాను పూర్తిచేసి పంపింది. మర్నాడు ఆఫీసువాళ్లు ఫోన్ చేశారు. పని ఆవిడదే.

రెండు రోజుల సెలవు తీరి, ఆ మరుసటి రోజు డ్యూటీకి బయల్దేరుతూ డ్రైవరు జేబు తడుముకున్నాడు. పెన్సిల్ లేదు. ఆవిడ బల్లమీద ఉంది.

"పంటిగాట్లు చూసే పోల్చాను. ఇది నాదే కదూ?" అంది ఆవిడ. "పని మానేసిన రోజు చెత్తబుట్టలో వేశాను."

"వేశావు. నేను తీశాను."

"ఎందుకు?"

"ఎప్పటికైనా అడుగుతావని."

ఆవిడ సొరుగులోంచి ఒక మామూలు పెన్ను తీసి, దగ్గరికొచ్చి ఆయన జేబులో పెట్టింది. "ఇకనించి ట్రిప్ షీట్ దీంతో రాసుకోండి," అని వెళ్లి, పెన్సిల్‌లో కొత్త పుల్ల వేసుకుంది.