కార్తీకను అడగాల్సిన మాట

వినకూడదు అనుకునేలోపే పాట చెవిలో పడిపోయింది, షేర్ ఆటో డ్రైవరు ఫ్యాక్టరీల మనలి దాటినప్పటి నుంచీ అదే పాటను తిప్పి తిప్పి పెడుతున్నాడు, నడుము గురించి, పెదవుల గురించి, కళ్ళు మూసుకుంటే వినబడకుండా పోతుందా ఏమిటి, అయినా జెబ కళ్ళు మూసుకుంది, పొద్దుటి నుంచీ చేస్తున్నదీ అదే కదా, ఫ్యాక్టరీ ల్యాబులో భోజనాల దగ్గర రఘురామ్ ఎవరిదో వీడియో చూపిస్తుంటే అందరూ విరగబడి నవ్వారు, తను టిఫిన్ డబ్బా మూత పెట్టేసి లేచిపోయింది, అదిగో సిస్టర్‌కి కోపమొచ్చింది అని వెనక నుంచి ఇంకో నవ్వు, కోపం కాదు, కోపానికి కూడా ఓపిక ఉండాలి, నలభై దగ్గరపడుతున్నా ఇంకా ఏది చూడాలి ఏది చూడకూడదు అని తనకు తానే కాపలా, ఫోనులో ప్రసంగం విందామని తెరిస్తే దాని కిందే సగం బట్టలతో ఎవరో ఆడుతుంటారు, బొటనవేలితో తోసేస్తే ఇంకొకరు వస్తారు, ప్రభువా ఎందుకింత అలసట, పెళ్ళి లేదు పిల్లలు లేరు, మోసే బరువేమీ లేదు, అయినా ఒళ్ళంతా మూటలు మోసినట్టు ఉంది.

ఆటో ఆగిపోయింది, ముందు కంటైనర్ లారీలు హార్బరు దాకా వరసకట్టి ఉన్నాయి, గాలిలో గ్యాసు కంపు, ఆలస్యమైతే ఆలస్యమే, మంచిదే, అసలు రాయపురం రాకపోతే ఇంకా మంచిది, అక్కడ ప్రార్థన మందిరంలో ఆడపిల్లల కూడిక, ఈ సాయంత్రం మాట్లాడాల్సింది పరిశుద్ధ జీవితం గురించి, ఏటా చెప్పేదే, బట్టలు, స్నేహాలు, సినిమాలు, ఫోను, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు, దానికి కాదు దిగులు, కూడికకు ముందే కార్తీకతో మాట్లాడాలి, పాటల గుంపులో అందరికన్నా బాగా పాడే పిల్ల, ఎవడో ఆఫీసు అబ్బాయి ఆన్‌లైన్‌లో ఫోటో పెట్టాడు, మహాబలిపురం ఇసుకలో అతని భుజం మీద తల పెట్టుకుని ఉంది, వెనకాల హోటల్ బోర్డు, సంఘంలోని మునియక్క ఆ ఫోటోను నేరుగా పాస్టరు సుందరం గారికే చూపించింది, ఆయన మంగళవారం నాడు జెబను పిలిచి గొంతు తగ్గించి చెప్పారు, నేను అడిగితే గద్దించినట్టు ఉంటాదమ్మా, నువ్వైతే అక్క మాదిరి, రాత్రి ఆడ ఉన్నిందా లేదా అది కనుక్కో ముందు, ఉన్నిందంటే ఆదివారం సంఘం ముందర మోకరించి ఒప్పుకోనీ, అందాక పాటల్లో నిలబడేది వద్దు, సరే అయ్యా అంది తను, ఎప్పుడూ అనేది అదే, సరే అయ్యా.

తండయార్‌పేటలో ఇద్దరు దిగారు, ఒకరు ఎక్కారు, ఎక్కింది కార్తీక, లోపల జెబ ఉందని ఎక్కేదాకా చూసుకోలేదు, చూశాక దిగిపోదామా అన్నట్టు ఒక కాలు బయటే ఉంచింది, డ్రైవరు కసురుకుంటే వచ్చి జెబ పక్కన ఇరుక్కుని కూర్చుంది, ఆరేళ్ళప్పుడు వాళ్ళమ్మ అమ్మణి ఈ పిల్లనే చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది, భర్త పోయాక, చేపల గంపను మందిరం గుమ్మం బయటే దించి లోపలికి రావచ్చా అని అడిగి మరీ వచ్చింది, ఈ పిల్లకి కళ్ళు మూసుకుని ప్రార్థన చెయ్యడం నేర్పింది తనే, ఇప్పుడు ఆ కళ్ళ కింద నల్లటి చారలు, స్తోత్రమక్కా అంది నేల చూస్తూ, స్తోత్రం అంది జెబ, లారీల హారన్ల మధ్య కార్తీకే అంది, మీరు నన్ను ఒకటి అడగాలంట కదక్కా, మునియక్క అమ్మతో చెప్పేసింది, అడగండి, ఈడనే అడగండి, ఆడ అందరి ముందర వద్దు.

రాత్రి అక్కడ ఉన్నావా, మూడే మాటలు, నాలుక మీదికి వచ్చి కూర్చున్నాయి, పెదవి విప్పితే చాలు, విప్పబోయింది కూడా, అప్పుడు జెబకు కనబడింది, మంగళవారం నుంచీ తను ఆ హోటల్ గదిని మనసులో చూస్తూనే ఉంది, దానికి పరదాలు వేసింది, మంచం మీద దుప్పటి పరిచింది, ఆ అబ్బాయి చేతులు ఎక్కడున్నాయో కూడా తనే పెట్టింది, అన్నం వడ్డించుకుంటూ, తల దువ్వుకుంటూ, మోకాళ్ళ మీద ఈ పిల్ల కోసం ప్రార్థిస్తూ కూడా, రఘురామ్ వీడియో దగ్గర నుంచి లేచిపోయిన మనిషే, ఇక ఇప్పుడు ఈ పిల్ల నోటితో ఔననిపించుకుని దాన్ని పూర్తి చేసుకోవాలి, అడగాల్సిన మాట గొంతులోకి దిగిపోయింది.

నిద్రపోయి ఎన్నాళ్ళైంది పాపా, అంది, వేరే ఏమీ దొరక్క, కార్తీక తలెత్తి చూసింది, ఆ ప్రశ్నకు తయారై రాలేదు పాపం, ఇంక వద్దని నేను చెప్పేసినాకే వాడు ఆ ఫోటో పెట్టినాడక్కా, ఆఫీసులో అందరూ చూసినారు, అమ్మ నాతో మాట్లాడేదే లేదు, నాకు మళ్ళా సరిగ్గా ఉండాలని ఉందక్కా, ఎట్ల అని అడుగుదామంటే మీ మొహం చూస్తేనే భయం, అంది, ఆ ఆఖరి మాట తగలాల్సిన చోటే తగిలింది, ఇన్నేళ్ళుగా ఏటా పరిశుద్ధ జీవితం గురించి చెబుతూ వచ్చింది, కాలు జారినవాళ్ళు వచ్చి తలుపు తడితే తీసేలా మాత్రం ఎన్నడూ లేదు, జెబ పిల్ల చేతిని తన ఒళ్ళోకి తీసుకుంది, చల్లగా ఉంది, ఇంకో చేత్తో పాస్టరుకు ఫోన్ కలిపింది, అయ్యా నేనేమీ అడగలేదు, అడగను కూడా, పాప రేపు ఆదివారం పాటల్లో పాడుతుంది, వద్దంటే నేను కూడా పక్కకు తప్పుకుంటాను, ఆయన, సంఘం నిన్ను అడుగుతాదమ్మా, అన్నారు, అడగనీయండయ్యా, అంది, మాట వెనక్కి తీసుకోలేదు.

లారీలు కదిలాయి, కార్తీక తల తన భుజం మీదికి వాలింది, నిద్రే, జెబ కదల్లేదు, రేపు ఆడపిల్లల కూడిక చూసే ఈ పని పోవచ్చు, మునియక్క తనను కూడా కలిపి చెప్పుకోవచ్చు, చెప్పుకోనీ, కట్టుబాట్లు తప్పు కాదు, రేపు కూడా వాటిని పాటిస్తూనే ఉంటుంది, చూడకూడనివి చూడదు, అయితే ఇంత అలసట ప్రభువు పెట్టింది కాదు, పక్కవాళ్ళ మచ్చలు వెతికి వెతికి తను తెచ్చుకున్నది, పరిశుద్ధంగా ఉండడమంటే కళ్ళు మూసుకోవడం ఒక్కటే కాదు, తెరిచినప్పుడు ఎదుటి మనిషిని ఎలా చూస్తామన్నది కూడా.