ఓజెల్ ప్రూయిట్ బదిలీ

మా కాల్డర్‌లో ఫుట్‌బాల్ రోజుల్లో, ఆట ఉండే శనివారం పూట ఎవరూ పెళ్ళి పెట్టుకోరు. అంత్యక్రియలు అసలే పెట్టుకోరు. వచ్చేవాళ్ళుండరు. నా భార్య లెనోర్ అక్టోబరులో ఒక మంగళవారం పోయింది. శుక్రవారం చర్చి నిండిపోయింది. ఎవరికీ ఇబ్బంది కలగకుండా బతికిన మనిషి, పోవడంలోనూ ఆ మర్యాద తప్పలేదు.

ఆ తర్వాతి ఏడాది మా యూనివర్సిటీ నన్ను క్రీడాకారుల అప్పీలు కమిటీలో వేసింది. నేను వ్యవసాయ కళాశాలలో నేలల గురించి పాఠం చెప్పేవాణ్ణి. క్రీడల శాఖతో సంబంధం లేనివాళ్ళే ఆ కమిటీలో ఉండాలని నియమం. ఇంట్లో ఒక్కణ్ణే కూర్చుంటే పాడైపోతానని మా డీన్ భయపడి నా పేరు ఇచ్చి ఉంటాడు. పని మాత్రం ఏమీ లేదు. ఈ ఊళ్ళో ఉంటూ ఫుట్‌బాల్ కోచ్ మీద అప్పీలు చేసే ధైర్యం ఎవరికుంటుంది?

ఓజెల్ ప్రూయిట్‌కు ఉంది.

మాది బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే, విసిరే అమెరికన్ ఫుట్‌బాల్. అతను మా జట్టులో స్నాపర్. బంతిని దూరంగా తన్నాల్సి వచ్చినప్పుడు మాత్రమే మైదానంలోకి వస్తాడు. ముందుకు వంగి, తల మోకాళ్ళ మధ్య పెట్టి, బంతిని కాళ్ళ సందులోంచి వెనక్కి విసురుతాడు. అది వెనక నిలబడ్డవాడి చేతుల్లో పడాలి. పడితే అతని పేరు ఎవరికీ గుర్తుండదు. పడకపోతే ఊరంతా గుర్తుపెట్టుకుంటుంది. మూడు సీజన్లుగా ఓజెల్ పేరు ఎవరికీ తెలియదు. అంత బాగా ఆడాడన్నమాట.

ఆ చలికాలంలో కోచ్ బ్రాండ్‌వోల్డ్ కొత్త స్నాపర్‌ను తెచ్చుకున్నాడు. ఇక నీకు ఆట ఉండదని ఓజెల్‌తో చెప్పేశాడు. ఓజెల్ సరేనని, టాల్‌మన్ యూనివర్సిటీకి వెళ్తానన్నాడు. బధిర పిల్లలకు పాఠాలు చెప్పే టీచర్ల కోర్సు అక్కడ ఉంది, మా దగ్గర లేదు. పైగా టాల్‌మన్ వాళ్ళకు స్నాపర్ కావాలి. ఆ రోజుల్లో ఆటగాడు యూనివర్సిటీ మారాలంటే పాత కోచ్ అనుమతి కావాలి. అనుమతి ఉన్నా ఒక ఏడాది ఆడకుండా బయట కూర్చోవాల్సిందే, కానీ చదువుకు స్కాలర్‌షిప్ వస్తుంది. అనుమతి లేకపోతే అదీ రాదు. ఓజెల్ వాళ్ళమ్మ స్కూలు బస్సు నడుపుతుంది. స్కాలర్‌షిప్ లేకుండా చదవడం అతని వల్ల అయ్యేది కాదు.

దేశంలో ఎక్కడికైనా వెళ్ళు, టాల్‌మన్‌కు మాత్రం వద్దు అన్నాడు కోచ్. ఏటా టాల్‌మన్‌తో మాకు ఆట ఉంటుంది. పోయినేడు వాళ్ళ చేతిలో చిత్తుగా ఓడిపోయాం.

విచారణ రోజు పొద్దున ఎర్లీన్ హోటల్లో టిఫిన్ చేస్తుంటే మా పొరుగింటి క్లైడ్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. గోధుమల గోదాములో పనిచేసి రిటైరైన మనిషి. మంచు పడ్డ ప్రతి పొద్దునా నేను లేచేసరికి నా వాకిలి కూడా ఊడ్చేసి ఉంచుతాడు, ఆ మాట ఎత్తితే విసుక్కుంటాడు.

"ఏం ప్రొఫెసరూ, ఇవాళ మన జట్టుని టాల్‌మన్ వాళ్ళకి అప్పజెప్పే పనిలో ఉన్నావంట?" అన్నాడు హోటలంతా వినబడేలా.

"ఆ సంగతి మాట్లాడకూడదయ్యా క్లైడ్."

"మాట్లాడొద్దులే. తలూపు చాలు. ఆ కుర్రాడు మన గుట్టంతా మోసుకెళ్ళి వాళ్ళ ఒళ్ళో పోస్తే, వచ్చే ఏడు నీ వాకిట్లో మంచు నువ్వే ఊడ్చుకోవాలి, చెప్తున్నా!"

హోటల్ నవ్వింది. నేనూ నవ్వాను. కానీ ఎర్లీన్ నా కప్పులో కాఫీ పోస్తూ వంగి, "మా చెల్లెలి కొడుక్కీ చెవుడే అండీ. ఊళ్ళో వాడికి చెప్పేవాళ్ళే లేరు" అని వెళ్ళిపోయింది. ఆ మాట నాతోపాటు లేచి వచ్చింది.

విచారణ గ్రంథాలయం పై అంతస్తులో. కమిటీలో ముగ్గురం. అధ్యక్షురాలు ఒడెట్ క్రెన్‌షా, పియానో నేర్పుతుంది, డెబ్బై దగ్గర పడిన మనిషి. విద్యార్థుల తరఫున బ్రెన్నా అనే అమ్మాయి. మూడో మనిషిని నేను. బల్లకు ఒక పక్క కోచ్, మా జట్టు మెరూన్ కోటూ టోపీ వేసుకుని. రెండో పక్క ఓజెల్. ఎవరినైనా ఒకరిని తోడు తెచ్చుకునే హక్కు అతనికి ఉంది, వాళ్ళక్క వెర్లీన్‌ను తెచ్చుకున్నాడు. ఆమెకు పుట్టు చెవుడు. టాల్‌మన్ ఊళ్ళో ఒక బేకరీలో పనిచేస్తుంది. మాట్లాడే ప్రతి మాటనూ ఓజెల్ చేతులతో ఆమెకు చెబుతున్నాడు. ఆ చేతులు పెద్దవి, కానీ కదిలితే చప్పుడు లేదు.

కోచ్‌కు అది నచ్చలేదు. "ఏయ్, ఏంటా సైగలు? ఇక్కడేం జరుగుతోందో ఆవిడకెందుకు?"

"మా అక్క సార్. మీరు మాట్లాడేది చెప్తున్నా."

"చెప్పనివ్వండి కోచ్ గారూ. మీరు మెల్లగా మాట్లాడితే అతనికి సులువు" అంది ఒడెట్.

కోచ్ గొంతు సవరించుకున్నాడు. చెడ్డ మనిషి కాదు. లెనోర్ పోయినప్పుడు పూలు పంపాడు, నేనెవరో తెలియకపోయినా. "చూడండి మేడమ్, వీడి మీద నాకు కోపం లేదు. మంచి కుర్రాడు. కానీ టాల్‌మన్ మాకు పక్కలో బల్లెం. మేం మైదానం గట్టు మీద నుంచి ఆటగాళ్ళకి సైగలు చేస్తాం. ఏ ఆట ఆడాలో సైగలతోనే చెప్తాం. మా గుండెకాయ అది. వీడు మూడేళ్ళు ఆ సైగల మధ్యే ఉన్నాడు. రేపు వెళ్ళి అన్నీ వాళ్ళకి అప్పజెప్తాడు. చెప్పొద్దన్నా వాళ్ళు ఊరుకోరు."

"నువ్వేమంటావు బాబూ?" అని అడిగింది ఒడెట్.

ఓజెల్ లేచి నిలబడ్డాడు. "మేడమ్, ఆ సైగలు నాకు తెలీవు."

"అబద్ధం!" అన్నాడు కోచ్.

"నిజం సార్. నేను వచ్చేది బంతిని తన్నేటప్పుడు. తన్నేటప్పుడు సైగలుండవు. మిగతా టైమంతా అవతల మూల వల దగ్గర విసరడం ప్రాక్టీసు చేస్తుంటా. వంగుంటే నాకు కనపడేది మన తన్నేవాడి బూట్లే, అవి కూడా తలకిందులుగా. మీ మొహం కన్నా వాడి బూట్లే నాకు బాగా గుర్తు."

బ్రెన్నా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

కోచ్ కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "సరే. ఈ కమిటీకి అర్థం కావాలి. ఇదిగో, చూడండి." టోపీ అంచు తాకాడు. చెవి పట్టుకున్నాడు. గుండె మీద తట్టాడు. చివర్న మోచెయ్యి నిమిరాడు. "ఇదేంటో మీకెవరికైనా తెలుసా? తెలీదు. తెలిసే వీల్లేదు. మా బట్టలు మార్చుకునే గది దాటి ఇది బయటికి రాలేదు. దీన్ని—"

"ఎడమవైపు పరుగు" అంది ఒడెట్, కాగితం మీద ఏదో రాసుకుంటూ, తల ఎత్తకుండా.

ఆమె కలం ఆగింది. తన నోట్లోంచి ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే అర్థమైనట్టు లేదు.

"కాదు మేడమ్" అంది బ్రెన్నా మెల్లగా. "చివర్న మోచెయ్యి తాకారు కదా. అది ఉత్తుత్తి పరుగు. నిజానికి బంతి విసురుతారు."

"మోచెయ్యా? ఎప్పటి నుంచి?"

"నవంబరు నుంచి" అన్నాను నేను.

అప్పటిదాకా నేను గమనించని సంగతి ఒకటి ఉంది. మా ఊళ్ళో శనివారాలు ఎనభై వేలమంది ఒకే మనిషి చేతుల వంక చూస్తూ కూర్చుంటాం. కోచ్ టోపీ తాకితే ఏమవుతుందో, ఏళ్ళ తరబడి చూసి చూసి, ఎవరూ నేర్పకుండానే నేర్చుకున్నాం. క్షురకుడికి తెలుసు, పాస్టరుకు తెలుసు. ప్రసంగం పొడుగైతే వెనక వరసలోని కుర్రాళ్ళు 'ఇక తొందరగా కానియ్' అనే కోచ్ సైగ చేస్తారు. ఆయన అర్థం చేసుకుని ముగిస్తాడు. ఇంతమందికి తెలిసినదాన్ని ఇంతకాలం రహస్యమనే నమ్మాం, కోచ్‌తో సహా. క్లైడ్‌తో సహా.

కోచ్ మొహం కోటు రంగుకు వచ్చింది. "మీరు మనవాళ్ళు! మనవాళ్ళకి తెలిస్తే తెలిసింది. టాల్‌మన్‌లో ఎవరికి తెలుసు?"

వెర్లీన్ తమ్ముడి భుజం తట్టింది. చేతులు గబగబా కదిలాయి. ఓజెల్ తల అడ్డంగా ఊపాడు. ఆమె మళ్ళీ తట్టింది, ఈసారి గట్టిగా.

"ఏమంటోంది?" అంది ఒడెట్.

"వద్దులెండి మేడమ్."

"చెప్పు నాయనా."

ఓజెల్ నేల చూపులు చూస్తూ చెప్పాడు. "చిట్టచివరి వరసలో కూర్చున్నవాళ్ళు కూడా చదివేంత పెద్దగా చేస్తారట కోచ్ సారు. వాళ్ళ బేకరీలో టీవీ ఉంది. సారు చెయ్యెత్తగానే ఏ ఆటో అక్క చెప్తుందట. తప్పితే ఆ రోజు పాత్రలు కడగాలి అక్క. ఇంతవరకు కడగలేదట. ఇప్పుడు బేకరీ వాళ్ళందరూ నేర్చుకున్నారు." కాస్త ఆగాడు. "టాల్‌మన్ కోచ్‌లు రోజూ పొద్దున రొట్టెలకి అక్కడికే వస్తారట."

కోచ్ కూర్చున్నాడు. కూర్చోవడం కాదు, కుర్చీ ఆయన్ని అందుకుంది. "అందుకేనా... పోయినేడు అందుకేనా మనల్ని అంత వాయగొట్టారు?"

వెర్లీన్ రెండు అరచేతులూ పైకెత్తి భుజాలు ఎగరేసింది. దానికి అనువాదం అక్కర్లేకపోయింది.

"ఓజెల్, ఇందాక సారు చేసింది ఏ ఆట అనుకున్నావ్?" అంది బ్రెన్నా.

"నిజం చెప్పనా? దోమ కుట్టిందేమో అనుకున్నా."

అప్పుడు ఒడెట్ నవ్విన నవ్వు, పియానో మీద ఎవరో మోచెయ్యి ఆనించినట్టు వినబడింది. కోచ్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. కానీ నవ్వు తగ్గాక ఆయన తన అసలు మాట చెప్పాడు. "సైగల సంగతి వదిలెయ్యండి. వీణ్ణి పంపితే రేపు ఇంకొకడు అడుగుతాడు. ఎల్లుండి అందరూ అడుగుతారు. అప్పుడు జట్టనేది ఉంటుందా?"

అది కొట్టిపారేసే ప్రశ్న కాదు. నేను ఒక్కటే అడిగాను. "కోచ్ గారూ, వచ్చే సీజన్లో ఇతను మీకు కావాలా?"

ఆయనకు అబద్ధం చెప్పే అవకాశం ఉంది. చెప్పలేదు. "లేదండీ. కొత్తవాణ్ణి తెచ్చుకున్నాను."

"మీరు ఇక్కడికి రావడానికి ముందు పనిచేసిన చోట, వెళ్ళొద్దని ఎవరైనా ఆపారా?"

"ఆపలేదు."

"మీకు అక్కర్లేని మనిషిని, కావాలన్నవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దంటున్నారు. మీరు కాపాడుతున్నది జట్టునా?"

ఓజెల్ చేతులు నా మాటలను మెల్లగా, ఒక్కొక్కటిగా అక్కకు అందిస్తున్నాయి. చివరి మాట దగ్గర ఆగిపోయాయి. ఆమె అతని మణికట్టు పట్టుకుంది. ఆ క్షణంలో అతను ఇరవై ఒక్క ఏళ్ళ కుర్రాడిలా కనిపించాడు. అంతవరకు భుజాల వల్ల తెలియలేదు.

వాళ్ళను బయటికి పంపి మేం చర్చించాల్సింది. ఒడెట్ మా ఇద్దరి వంకా చూసింది. బ్రెన్నా తలూపింది. నేనూ ఊపాను.

"నడవాలో చలిగా ఉంది. ఎవరూ లేవక్కర్లేదు" అంది ఒడెట్. "కమిటీ ముగ్గురిదీ ఒకే మాట. ఓజెల్ ప్రూయిట్ తనకు నచ్చిన యూనివర్సిటీకి వెళ్ళవచ్చు, స్కాలర్‌షిప్‌తో సహా. టాల్‌మన్‌కు కూడా."

ఓజెల్ ఆ మాటను నోటితో ఒకసారి అనుకున్నాడు. తర్వాత అక్క వైపు తిరిగి చేతులతో అన్నాడు. వెర్లీన్ గొంతులోంచి ఒక కేక వచ్చింది. గ్రంథాలయం మూడు అంతస్తులకూ వినబడి ఉంటుంది. ఎంత గట్టిగా అరిచిందో ఆమెకు తెలియదు. ఎవరూ ఆమెకు చెప్పలేదు.

నేను కోటు వేసుకునేసరికి కోచ్ తన కుర్చీని వెర్లీన్ పక్కకు లాక్కుని కూర్చున్నాడు. "అడగరా ఓజెల్, ఇంకేం సైగలు తెలుసో అడుగు. మొత్తం అడుగు. అమ్మా, మెల్లగా, మెల్లగా చూపించు!"

క్లైడ్ నాతో చాలా రోజులు మాట్లాడలేదు. కానీ తర్వాతి చలికాలమూ నా వాకిట్లో మంచు నేనెప్పుడూ ఊడ్చుకోలేదు.

ఓజెల్ ఒక ఏడాది బయట కూర్చుని చదువుకున్నాడు. ఆ మరుసటి సెప్టెంబరులో టాల్‌మన్ జట్టు మా మైదానానికి వచ్చింది. కోచ్ సైగలన్నీ మార్చేశాడు. స్టేడియంలో ఏ ఒక్కరికీ ఏమీ అర్థం కాక అందరూ చిరాకుపడ్డారు. దాని పుణ్యమా అని మా జట్టు బాగా ఆడింది కూడా. చివరి నిమిషానికి మేం రెండు పాయింట్లు ముందున్నాం. టాల్‌మన్ వాళ్ళకు ఒక్క తన్ను మిగిలింది. గోలు గుంజల మధ్యగా వెళ్తే మూడు పాయింట్లు, ఆట వాళ్ళది. తప్పితే మాది. వర్షం మొదలైంది, బంతి జారుతోంది.

టాల్‌మన్ వాళ్ళ నీలం చొక్కాలో ఓజెల్ వచ్చి వంగాడు.

ఎనభై వేలమంది అతను తప్పాలని అరుస్తున్నారు. అన్ని గొంతుల మధ్య ఒంటరిగా, తలకిందులుగా, రెండు బూట్ల వంక చూస్తూ వంగిన మనిషిని చూశాను. బంతి వెనక్కి వెళ్ళింది. తీగ మీద జారినట్టు వెళ్ళింది. పట్టేవాడి అరచేతుల్లో వాలింది. తన్నారు.

నేను లేచి నిలబడ్డానని మెరూన్ గొడుగులన్నీ నా వైపు తిరిగాకే తెలిసింది.

"కూర్చోవయ్యా ప్రొఫెసరూ! ఓడిపోయింది మనం!" అని అరిచాడు క్లైడ్, నా కోటు పట్టి లాగుతూ.

"చూశావా క్లైడ్, ఎంత తిన్నగా విసిరాడో?"

"చూశాన్లే" అన్నాడు గొణుగుతూ. కాసేపటికి, "బాగానే విసిరాడు వెధవ. తడి బంతితో" అన్నాడు. కోటు వదిలేశాడు.

ఎదుటి మూల టాల్‌మన్ వాళ్ళు కూర్చున్న చోట ఎవరూ చప్పట్లు కొట్టడం లేదు. ముందు వరసలో వెర్లీన్ రెండు చేతులూ పైకెత్తి, వేళ్ళు విప్పి గాలిలో ఆడిస్తోంది. చెవులు వినబడనివాళ్ళ చప్పట్లు అవే. ఆమె చుట్టూ బేకరీ వాళ్ళు. వాళ్ళ వెనక ఇంకా ఎందరో. నీలం చొక్కాల వరసలన్నిటి మీదా వర్షంలో వేలకొద్దీ చేతులు అలా ఆడుతున్నాయి. మైదానం మధ్యలో ఓజెల్ హెల్మెట్ తీసి, తల ఎత్తి, ఆ చేతుల వైపు పరుగు తీశాడు.