అసిరమ్మ బొటనవేలు

మరి ఆ కథలో తనకి ముసుగెందుకు పెట్టలేదో టీచరమ్మని అడగాలి, అనుకుంది అసిరమ్మ రేషన్ డిపో వరుసలో నిలబడి, సినిమాల్లో వీరులందరికీ ముసుగుంటుంది, వీపున గుడ్డ వేలాడుతుంది, సోఫియా టీచరు రాస్తున్న నవల్లో మాత్రం ఈ అరకు కొండల మామూలు మనుషులే వీరులట, ఫోను పైకెత్తి నిలబడితే సిగ్నల్ దిగొచ్చే గాసి ఒకడు, నిజంగానే గాసి ఇప్పుడు కూడా డిపో వెనక బండరాయి మీద చెయ్యెత్తి నిలబడ్డాడు, వాడు దిగితే లోపల వేలిముద్రల మిషన్ ఆగిపోతుంది, ఇంకో వీరనారి తనే, నీకు పెట్టిన శక్తేటో తెలుసా అప్పా, నీకు వేలిముద్రల్లేవు కదా, ఏ మిషనూ నిన్ను పట్టుకోలేదు, ఏ ఆఫీసులోకైనా దూరిపోయి మూలపడ్డ కాగితాలన్నీ కదిపేసి వచ్చేస్తావు, అని టీచరు చదివి వినిపిస్తే కడుపుబ్బ నవ్వింది, ఇంటికొచ్చి బియ్యం డబ్బా మూత తీశాక నవ్వు ఆగిపోయింది.

కొత్త మిషన్ వచ్చి రెండు నెలలు, రెండు నెలలూ తను అసిరమ్మ కాదనే అంది, మొగుడి పేరు కార్డుకి ఎక్కనే లేదు, ఈ రోజు కూడా వేలు పడకపోతే తన పేరూ తీసేస్తారు, ఎలా పడుతుంది, ముప్ఫై ఏళ్ళు పసుపు తవ్విన వేలు, కొండచీపురు కోసిన వేలు, బండకి రుద్దిన సబ్బులా అరిగిపోయింది, పది రోజులు పని మానెయ్యి అప్పా, కొబ్బరినూనె రాసుకో, గీతలు మళ్ళీ వస్తాయి, అంది టీచరే, పది రోజులా, కాఫీ పళ్ళు ఎర్రబడి రాలిపోయే వేళలోనా, అయినా కూర్చుంది, మొగుడు మంగ్లు రోజూ అంబలి మాడగొడుతుంటే చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది, ఎదురింటి అప్పలనర్సమ్మ ఊరుకుంటుందా, ఏటే అసిరీ, బాలింతరాలివేటి, పనికెల్లకండా కూకున్నావు, అంటే సిగ్గుతో తల దించుకుంది, తన వేలికేదో జబ్బు చేసిందనే అనుకుంది పాపం.

బేగి ఎట్టు సిన్నమ్మా, సిగ్నలు పోతాది, అంటున్నాడు డీలరు ధర్మ, వేలు చీర కొంగుకి తుడుచుకుని పెట్టింది, గాసీ కదలకురా నాయనా, కొండదేవతా నువ్వైనా చెప్పు నేనే అసిరమ్మనని, మిషన్ కాసేపు ఆలోచించి కుయ్‌మంది, పడింది సిన్నమ్మా, పడిపోనాది, అని ధర్మ కేకేశాడు, వరుసంతా చప్పట్లు, సంచిలోకి బియ్యం జారుతున్న చప్పుడు, ఎంత బాగుందో ఆ చప్పుడు, కళ్ళు తడిశాయి.

బయటికొస్తే సోఫియా టీచరు ఎదురైంది, సంగతి విని, అయ్యో అప్పా, నీ శక్తి పోయిందే, ఇప్పుడు నా నవల ఎలా ముగించను, అని నవ్వింది, అసిరమ్మ వేలు ఎండలోకి పెట్టి చూసుకుంది, సన్నటి గీతలు, చంటిపిల్ల వేలి మీదలా ముద్దుగా ఉన్నాయి, రేపు తోటలో రాలిన పళ్ళు ఏరాలి, కొమ్మల మీద మిగిలినవి కొయ్యాలి, తరవాత పసుపు తవ్వకం, నెల తిరిగేసరికి ఈ గీతలుండవు, ఎవరు నువ్వని మిషన్ మళ్ళీ అడుగుతుంది, పోలేదు టీచరమ్మా, ఆ శక్తి రేపట్నుంచి మళ్ళా వొచ్చేత్తాది, అంది సంచి నెత్తికెత్తుకుంటూ, ముప్ఫై ఏళ్ళు ఒళ్ళు వంచి పనిచేసిన మనిషి తెలియదు దానికి, పది రోజులు ఊరికే కూర్చున్న మనిషి తెలిసింది, అయితే జబ్బు తన వేలికి కాదు, ఆ మిషన్‌కి.